ఆరు అంకెలు

"బ్రేకరు నేను ముట్టలే అన్న. ముట్టిన అని ఒక్కరు సూపెట్టినా గీ లాకప్పులకెల్లి బయటికి రాను."

రంజిత్‌కు ఏడుపు అయిపోయింది. రెండు రోజులు ఏడ్చిన మనిషికి చివర్లో మిగిలే పొడి గొంతు అది. ఊచలకు ఇవతల ఇనుప కుర్చీలో కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్ ఉమామహేశ్వర్ జేబులోంచి నోటు పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. స్టేషన్ గోడ గడియారం పదకొండూ ఇరవై. సాయంత్రం నాలుగింటికి రంజిత్‌ను మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్య కేసు. ఒకసారి చర్లపల్లి జైలు గేటు దాటితే వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది. బీదవాడు కాబట్టి ఇంకో రెండేళ్లు ఎక్కువే పడుతుంది.

కేసు చిన్నది. సోమవారం సాయంత్రం గాలిదుమారానికి నాచారంలో పెద్ద హోర్డింగు ఒకటి విరిగి పదకొండు వేల వోల్టుల లైను మీద పడింది. తీగ తెగింది. దాన్ని అతకడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్ మొగిలయ్యకు కరెంటు కొట్టింది. ముప్పై అడుగుల మీది నుంచి పడ్డాడు. పడకముందే చనిపోయాడని డాక్టరు రాశాడు. ఆ లైనుకు కరెంటు ఇచ్చేది చింతలబావి సబ్‌స్టేషను. ఆ పూట అక్కడ డ్యూటీలో ఉన్న ఆపరేటరు రంజిత్. మొగిలయ్య భార్య ఉప్పలమ్మకు సొంత తమ్ముడు.

బావను బావమరిదే చంపాడని బస్తీ అంతా అనేసింది. పోలీసులకు కారణం కూడా దొరికింది. పది రోజుల కింద ఒక పెళ్లిలో మొగిలయ్య నలుగురి ముందు రంజిత్ చెంప మీద కొట్టాడు. నిన్న దహనం అయిన గంటకు ఉప్పలమ్మ తడి చీరతోనే ఉమామహేశ్వర్ గడపలోకి వచ్చింది. "ఇంట్ల ఇద్దరు మగోళ్లుండె సారు. ఒకరు పోయిన్రు. ఇంకొకన్ని నిలబెట్టు" అంది. అంతకు మించి ఏమీ అడగలేదు.

"టైములు చెప్పు తమ్మీ. నిమిషాలతో చెప్పు."

"ఐదూ ఇరవైకి గాలి లేసింది. ఐదూ నలభై ఒకటికి లైను కొట్టేసి కరెంటు పోయింది. ఐదూ యాభై రెండుకు బావ ఫోన్ జేసిండు. తీగ తెగింది, లైన్ క్లియర్ ఇయ్యమన్నడు. బ్రేకరు బయటికి గుంజిన, తాళం ఏసిన, ఆరూ నాలుగుకు లైన్ క్లియర్ ఇచ్చిన. రిజిస్టర్ల రాసి ఉంది."

లైనులో కరెంటు లేదు, ఎక్కొచ్చు అని ఆపరేటరు ఇచ్చే హామీని లైన్ క్లియర్ అంటారు. తీసుకున్నవాడు దిగి, తిరిగి ఇచ్చేదాకా ఆ లైనును కలిపే స్విచ్చు, బ్రేకరు జోలికి ఆపరేటరు పోకూడదు. ఆ మాట మీద నమ్మకంతోనే లైన్‌మన్ ఒట్టి చేతులతో తీగ పట్టుకుంటాడు.

"తాళం చెవి ఎక్కడుండె?"

"నా జేబుల."

"ఆరూ ముప్పై తొమ్మిదికి మీ బావ పడ్డడు. గప్పుడు నువ్వేం జేస్తున్నవ్?"

"ఛాయ్ తాగుతున్న."

"ఎవరితోని?"

"ఒక్కన్నే. ఇద్దరుండాలె. రెండో పోస్టు మూడేండ్ల సంది ఖాళీ."

"సాక్షి లేడన్నట్టు."

"ఖాళీ కుర్చీని పిలుస్తరా అన్న సాక్ష్యానికి?"

ఉమామహేశ్వర్ పెన్ను ఆపి అతని మొహంలోకి చూశాడు. "పెండ్లిల ఎందుకు గొట్టిండు?"

రంజిత్ తల దించుకున్నాడు. "తాగి డ్యూటీకి పోయిన అని. నువ్వు తూలితే స్తంభం మీదోడు సస్తడురా అన్నడు. గా దినం సంది ముట్టలే. గాయిన మీద కోపమెందుకుంటది అన్న, నాకు పని నేర్పిందే గాయిన."

వెనక బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ జనార్ధనరావు లోపలికి వచ్చి, తన టేబులు అంచు మీద కూర్చున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా మాటలో ఆ ఊరు పోలేదు.

"అయిందా అండీ మీ విచారణ? చంపానని చెప్పాడా, చంపలేదని చెప్పాడా? రెండూ నా దగ్గర రాసి ఉన్నాయి."

"స్తంభం కాడ దొరికిన రాడ్డు ఒక్కసారి సూపెట్టుండ్రి సార్."

"అదెందుకు?"

"సూసి ఇచ్చేస్త. తినను."

జనార్ధనరావు నవ్వకుండా కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. కాగితం చుట్టిన పొడవాటి రాడ్డు టేబులు మీదికి వచ్చింది. లైన్‌మన్లు పని మొదలుపెట్టే ముందు దాని ఇత్తడి కొక్కేన్ని తీగకు తగిలించి, దాని వైరును నేలలో దింపిన ఇనుప మేకుకు కడతారు. ఎవరి తప్పువల్లనైనా ఆ తీగలోకి కరెంటు వస్తే, మనిషిని వదిలేసి నేలలోకి పోతుంది. మొగిలయ్య దాన్ని సబ్‌స్టేషన్ వైపు తీగకు తగిలించాడు. పంచనామాలో అదే రాసుంది.

ఉమామహేశ్వర్ కొక్కెం లోపలి వంపులో బొటనవేలు పెట్టి నెమ్మదిగా తిప్పాడు. ఆరో తరగతితో బడి మానేసి, పదకొండేళ్లు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు విప్పినవాడు. కాలిన లోహం వేలికి ఎలా తగులుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

"సార్, దీని మీద మీరు వేలు పెట్టుండ్రి."

"పెడితే?"

"నున్నగ ఉన్నది. సబ్‌స్టేషన్ దిక్కుకెళ్లి పదకొండు వేల వోల్టులు వచ్చుంటే ముందు గీ కొక్కెం కరిగి ముద్దయితుండె. ఒక్క నల్ల మచ్చ గూడ లేదు. తీగ మధ్యల తెగి ఉన్నది. మొగిలయ్య చేతులు అవతలి కొస మీద కాలినయి. కరెంటు రంజిత్ దిక్కుకెళ్లి రాలే సార్. ఎదురు దిక్కుకెళ్లి వచ్చింది."

ఊచల వెనక రంజిత్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులా ఊచలు పట్టుకున్నాడు.

జనార్ధనరావు కొక్కెం మీద వేలు పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. "రెండు వైపులా తగిలించాలి కదా ఇవి?"

"తగిలియ్యాలె. సెక్షన్‌కు ఉన్నది ఒక్కటే. చేతిల ఒక్కటే ఉన్నోడు కరెంటు ఎప్పుడూ వచ్చే దిక్కుకు పెట్టుకుంటడు. ముప్పై ఏండ్లు అక్కడికెల్లే వచ్చింది మరి."

"ఎదురు దిక్కున ఏముంది?"

"గదే సూడ పోతున్న."

"పోండి. కానీ నాలుగింటికి నా వ్యాన్ కదులుతుంది. నాకు కావాల్సింది కాయితం ఉమామహేశ్వర్. మీ బొటనవేలు కోర్టుకు చూపించలేను."

*

పన్నెండూ నలభైకి అతను నాచారంలో ఆ స్తంభం కింద ఉన్నాడు. హోర్డింగు ఇనుమును ముక్కలుగా కోసి పక్కకు పడేశారు. దాని మీది బొమ్మలో ఒక నవ్వే కుటుంబం ఇంకా నవ్వుతూనే ఉంది. ఇద్దరు లైన్‌మన్లు పైన కొత్త తీగ లాగుతున్నారు. సాయంత్రం మళ్లీ గాలివాన ఉందని వాతావరణ శాఖ చెప్పింది కాబట్టి ఆలోగా అయిపోవాలని వాళ్లకు హుకుం.

అక్కడికి నాలుగు వందల అడుగుల దూరంలో, జంట స్తంభాల మధ్య, బూడిదరంగు డబ్బా ఒకటి వేలాడుతోంది. గాలివానలకు లైన్లు తట్టుకోవాలని మూడు నెలల కింద పెట్టిన స్కీములో వచ్చింది. ఇటు చింతలబావి లైను, అటు ఇంకో సబ్‌స్టేషన్ లైను. గాలికి ఒకటి చచ్చిపోతే ఈ డబ్బా రెండోది బతికి ఉందా చూసుకుని, తనంతట తానే రెంటినీ కలిపేస్తుంది. రెండు నిమిషాల్లో ఇళ్లకు కరెంటు వచ్చేస్తుంది. ఆ మాటకొస్తే మంచి వస్తువే. ఆక్సిజన్ మీద ఉన్న ముసలివాళ్లు ఈ డబ్బాల వల్ల బతికారు. మనిషి స్తంభం మీద ఉన్నప్పుడు మాత్రం దాన్ని ఆటోలోంచి తీసి మాన్యువల్‌లో పెట్టాలి. కింద నుంచి కర్రతో లివరు లాగితే చాలు, ఇక కదలదు. మళ్లీ ఆటోలో పెట్టగలిగేది కంపెనీ కంట్రోల్ రూమే. లైన్‌మన్లు దానికి తెలివి డబ్బా అని పేరు పెట్టుకున్నారు. ఇప్పుడు పైన తీగ లాగుతున్నవాళ్లు కూడా ఎక్కే ముందు ఆ లివరు లాగారు.

సోమవారం గాలి మొదలైన పది నిమిషాలకే, ఐదున్నరకు, తీగ తెగితే ఎక్కాల్సి వస్తుందని మొగిలయ్య ముందే ఆ లివరు లాగాడు. పక్కనున్న మెకానిక్ షాపువాళ్లు నలుగురు చూశారు.

డబ్బా కింద తెల్ల హెల్మెట్ పెట్టుకున్న యువకుడొకడు ట్యాబ్ చూసుకుంటున్నాడు. ధీరజ్. డబ్బాలు పెట్టిన కంపెనీ తరఫున ఈ చావును విచారించడానికి వచ్చిన ఇంజనీరు. నిన్న సాయంత్రమే రిపోర్టు రాసి పోలీసులకు ఇచ్చేశాడు. స్విచ్ మాన్యువల్‌లోనే ఉంది, కలవలేదు, కరెంటు సబ్‌స్టేషన్ నుంచే వచ్చింది. ఆ మూడు ముక్కల మీదే రంజిత్ లాకప్పులో ఉన్నాడు.

"మీరేనా ఉమామహేశ్వర్ గారు? ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డులో పనిచేసేవారట కదా."

"అవును సార్. మసి గిట్ల కనవడ్తున్నదా ఇంకా?"

"అలా అని కాదు. ఇది ఆ టైపు వస్తువు కాదని చెబుతున్నాను. దీంట్లో సాఫ్ట్‌వేర్ ఉంటుంది."

"సోమవారం సాయంత్రం ఇది కలవలేదన్నరు."

"కలవలేదు. రిపోర్టులో ఉంది."

"గా కింద అద్దంల ఉన్న నంబరు ఏంది సార్?"

ధీరజ్ తలెత్తాడు. డబ్బా అడుగున, అరచేయంత అద్దం వెనక, పాత ఆటో మీటర్లలో ఉన్నట్టు నల్ల చక్రం మీద తెల్ల అంకెలు. డబ్బా కలిసిన ప్రతిసారీ ఆ చక్రం ఒక అంకె ముందుకు తిరుగుతుంది.

"మెకానికల్ కౌంటర్. పాత పద్ధతి. మేం దాన్ని చూడం."

"మీ మెకానిక్కు సూస్తడు. సోమవారం పొద్దున పదింటికి తనిఖీకొచ్చి, ఫొటో తీసి లైన్‌మన్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిండు." ఉమామహేశ్వర్ తన ఫోను తెర చూపించాడు. నలభై ఒకటి. తర్వాత కెమెరాను డబ్బా వైపు ఎత్తి, వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. నలభై రెండు.

ధీరజ్ ఒక తెర నుంచి ఇంకో తెరకు చూశాడు.

"గాలికి, వైబ్రేషన్‌కు ఒక్కోసారి తిరుగుతుంది."

"సరిగ్గ ఒక్కటే తిరిగిందా? మస్తు పద్ధతిగల గాలి సార్ అది."

"మీరు వెటకారం ఆడితే నేను మాట్లాడను."

"నువ్వు మాట్లాడకుంటే నాలుగింటికి ఒక పిలగాడు జైలుకు పోతడు. నీ ట్యాబ్ తెరు."

ధీరజ్ వేలు తెర మీద రెండుసార్లు కదిలింది. అతనికి ఆ వరుసలన్నీ ముందే తెలుసు. తెలిసీ రిపోర్టు రాశాడు. అది చెమటలోనే కనబడింది.

"సరే. ఆరూ ముప్పై ఎనిమిది నిమిషాల యాభై సెకన్లకు ఆటోలోకి వెళ్లింది. ఆరూ ముప్పై తొమ్మిదీ పది సెకన్లకు కలిసింది. కానీ దాన్ని ఆటోలోకి పంపమన్నది ఎవరో తెలిస్తే మీకే బాగుండదు. అందుకే రాయలేదు. మొగిలయ్యే."

"స్తంభం మీదున్న మొగిలయ్యనా?"

"స్తంభం మీద లేడు. మాకో రూల్ ఉంది. ఆటోలో పెట్టే ముందు ఆ డబ్బా చూసే లైన్‌మన్ ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. కంట్రోల్ రూమ్ ఫోన్ చేస్తుంది. అతను ఆ ఆరు అంకెలు చదివి చెప్పాలి. చెప్పాడంటే కింద ఉన్నట్టే. ముప్పై అడుగుల పైన తాడుకు వేలాడేవాడు ఫోను తీసి అంకెలు చదవలేడు కదా. ఎవరూ పైన ఉండగా కరెంటు రాకూడదనే ఈ రూల్. నేనే రాశాను దాన్ని."

"అంటే ఏమంటవ్?"

"నంబరు చెప్పాడు. తర్వాత ఏదో మర్చిపోయి మళ్లీ ఎక్కాడు. నిర్లక్ష్యం. చనిపోయిన మనిషి గురించి అది రాయడం ఇష్టం లేక..."

"బతికున్నోని మీద రాసినవ్." ఉమామహేశ్వర్ స్తంభం వైపు చూపించాడు. "యాభై సెకన్లకు ఆటోల పడ్డది. పదో సెకనుకు మనిషి సచ్చిండు. మధ్యల ఇరవై సెకన్లు. నాలుగు వందల అడుగులు ఉరికి, ముప్పై అడుగులు ఎక్కి, తాడు కట్టుకొని, తీగ పట్టుకున్నడా? కోతి గూడ గంత జల్ది ఎక్కది సార్."

ధీరజ్ స్తంభాన్ని మొదలు నుంచి చివరిదాకా చూశాడు.

"నువ్వెన్నడన్న స్తంభం ఎక్కినవా?"

"నాకా అవసరం రాలేదు."

"ఎక్కేటోన్ని సూసినవా? దగ్గరికెళ్లి?"

ధీరజ్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడే మూడో లైన్‌మన్ ఒకడు పైకి వెళ్లడానికి స్తంభం మొదట్లో నిలబడ్డాడు. చేతి గడియారం తీశాడు. ఉంగరం తీశాడు. చొక్కా ఎత్తి వెండి మొలతాడు విప్పాడు. జేబులోంచి ఫోను తీశాడు. అన్నీ కలిపి ఒక తువ్వాలలో మూటకట్టి, రోడ్డు పక్కన చెరకు రసం బండి ఆయన చేతిలో పెట్టి, కాళ్లకు మట్టి రాసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. రసం బండి ఆయన ఆ మూటను చూడకుండానే గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. రోజూ జరిగేదే.

ధీరజ్ ఆ మూటనే చూస్తున్నాడు.

"ఫోను... కింద ఇచ్చేస్తారా?"

"లోహం ఒంటి మీదుంటే అంటుకుంటది. ఫోను జారితే ఎవరి తలనో పలుగుతది. అందుకని."

"అందరూనా?"

"అందరూ."

"ఎప్పటి నుంచి?"

"ఫోన్లు వచ్చినప్పటి సంది."

ధీరజ్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కితే ఫోను తీయలేడన్నది అతని లెక్క. ఫోను ఎప్పుడూ మనిషితోనే ఉంటుందని అనుకున్నాడు. చల్లటి గదిలో కూర్చుని ఆ రూల్ రాస్తున్నప్పుడు, ఎవరినైనా ఒక్క లైన్‌మన్‌ను పిలిచి అడిగి ఉంటే టీ తాగేంత సేపట్లో తేలిపోయేది. పిలవలేదు. పిలవరు.

"గీ లైన్లు నాకు రాసియ్యి. సంతకం బెట్టు."

"ఇవ్వలేను" అన్నాడు ధీరజ్. గొంతు మారింది గానీ మాట మారలేదు. "కంపెనీ అనుమతి లేకుండా లాగ్ బయటికి ఇస్తే నా ఉద్యోగం పోతుంది."

"అయితే కాయితం ఇంకో చోట ఉంది. గా ఓటీపీ వచ్చిన ఫోను."

"ఆ సిమ్ము కంపెనీది. అది నాకు అప్పజెప్పాలి."

"రా. నా బండెక్కు. గా మాట ఆమె మొహం మీద చెప్పు."

*

ఉప్పలమ్మది నాచారంలోనే రెండు గదుల ఇల్లు. రెండూ ఇరవై అయింది. గదిలో మొగిలయ్య ఫొటో ముందు దీపం వెలుగుతోంది. డిపార్టుమెంటు వాళ్లు తెచ్చిన దండ అప్పుడే వాడిపోయింది. ఉప్పలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వాళ్లను చూసి లేవబోయింది.

"లేవకు చెల్లె. స్తంభం ఎక్కేముంగట మొగిలయ్య విప్పి ఇచ్చిన మూట ఎక్కడున్నది?"

ఆమె దీపం పక్కనుంచి ఒక తువ్వాల తీసింది. పోలీసులు దాన్ని అడగనేలేదు. వాళ్లకు రంజిత్ రిజిస్టరే చాలనిపించింది. మూటలో గడియారం, ఉంగరం, నల్లబడ్డ మొలతాడు, పగిలిన అద్దంతో ఫోను. ఆమే తాళం గీత గీసి ఫోను తెరిచి ఇచ్చింది.

ఉమామహేశ్వర్ మెసేజీలు కిందికి జరిపాడు. సోమవారం, ఆరూ ముప్పై ఏడు. ఆరు అంకెలు. ఆ డబ్బా నంబరు, పక్కన ఆటో అన్న మాట. కాల్స్ చూశాడు. ఆరూ ముప్పై ఎనిమిదికి ఒకటి వచ్చింది. ఎత్తారు. నలభై ఒక్క సెకన్లు మాట్లాడారు.

జనార్ధనరావు అడిగిన కాయితం ఇదే. రంజిత్ బయటపడ్డట్టే. ఉమామహేశ్వర్‌కు సంతోషం కలగాల్సిన నిమిషం అది. కానీ అతని చూపు ఆ నలభై ఒక్క సెకన్ల మీదే ఆగింది. నిన్నటి నుంచి ఈమెను పది ప్రశ్నలు అడిగాడు. స్తంభం కింద ఉన్నావా అంటే ఉన్నానంది. మెరుపు చూశావా అంటే చూశానంది. ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

"చెల్లె, గాయిన ఎక్కేటప్పుడు మూట ఎవరికిచ్చిండు?"

"నాకే. ఛాయ్ దీసుకపోయిన గద. పొద్దటి సంది తినలే. దిగినంక తాగుత అన్నడు. తోటి మనిషి లేడు, చెట్టు కొట్టనీకి పోయిండు. నేనే పట్టుకున్న."

ధీరజ్ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు.

"ఫోనొచ్చిందా?"

"వచ్చింది. ఆఫీసుకెళ్లి. ఒక ఆడపిల్ల. అమ్మా అని మంచిగ మాట్లాడింది." ఆమె గొంతులో ఏ అనుమానమూ లేదు. "ఓటీపీ నంబరు అడిగింది. రోజు అడుగుతరు. గాయిన అన్నం తినుకుంట గూడ చెప్తుండె. పని మీదున్నోన్ని ఎందుకు పిలుసుడు అని నేనే చదివి చెప్పిన. అంకెలు వస్తయి నాకు."

ఉమామహేశ్వర్ ధీరజ్ వైపు తిరిగాడు.

"ఏమైంది సారు?"

ఉమామహేశ్వర్ ఫోను వైపు చూశాడు. అబద్ధం చెప్పడం అతని వృత్తిలో భాగం. ఎన్నో ఇళ్లలో చెప్పాడు. ఇక్కడ ఒక్కటీ నోటికి రాలేదు.

"గా నంబరు..." అని ఆగాడు.

ఆమె అతని మొహం చదివింది. తర్వాత ధీరజ్ మొహం చూసింది. ధీరజ్ కళ్లు నేల మీద ఉన్నాయి. ఆమె నెమ్మదిగా కుడిచేయి ఎత్తి, పెదాల మీద పెట్టుకుంది. లోపలికి పోయిన మాటను ఇప్పుడైనా పట్టుకోవాలన్నట్టు. కేక పెట్టలేదు.

"నేను చెప్పంగనే పడ్డడు" అంది. "ఫోను పెట్టేసి తల ఎత్తిన. గప్పుడే."

"నీకెర్క లేదు చెల్లె. ఎవరికీ ఎర్క లేదు."

"నా తమ్మున్ని లోపల ఏసిన్రు."

"నువ్వు గీ మాట చెప్తే వస్తడు."

ఆమె తలూపింది. ఆ ఊపులో ఒప్పుకోవడం ఉందో, కూలిపోవడం ఉందో తెలియలేదు. ఉమామహేశ్వర్ ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. సాక్ష్యం ఆమెది. ఆమే తేవాలి.

ధీరజ్ చెయ్యి చాపాడు. "సారీ అండీ, ఆ ఫోను నాకు..."

ఫోను గుర్రుమంది. రెండూ నలభై నాలుగు. తెర మీద కొత్త మెసేజి. ఆరు అంకెలు. అదే డబ్బా. పక్కన అదే మాట, ఆటో.

"ఇదేంది?" అన్నాడు ఉమామహేశ్వర్.

ధీరజ్ చదివాడు. మళ్లీ చదివాడు. "ఈ స్విచ్‌కు ఇంకా ఈయన పేరే ఉంది. పేరు తీయాలంటే డివిజన్ నుంచి ఫారం రావాలి. రాలేదు."

"పైన ముగ్గురున్నరు."

ఫోను మోగింది. ఉమామహేశ్వర్ చెయ్యి పోయేలోపే ఉప్పలమ్మ ఎత్తి, స్పీకరు నొక్కి, హలో అంది. ఈ సంభాషణ రికార్డు చేయబడుతుంది అని ముందు యంత్రం చెప్పింది. తర్వాత ఒక అమ్మాయి గొంతు.

"నమస్కారమండీ. కంట్రోల్ రూమ్ నుంచి అమూల్యను మాట్లాడుతున్నాను. మొగిలయ్య గారి ఫోనేనా అమ్మా? మీకు ఆరంకెల నంబరు వచ్చి ఉంటుంది, చెబుతారా?"

ఉప్పలమ్మ ఉమామహేశ్వర్ వైపు చూసి, గదే గొంతు అన్నట్టు తలాడించింది. తర్వాత ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"బిడ్డా, నేను మాట్లాడేది గూడ రికార్డయితదా?"

"అవునమ్మా. రెండు వైపులా అవుతుంది."

"అయితే ఇను. నా పేరు ఉప్పలమ్మ. మొగిలయ్య పెండ్లాన్ని. సోమవారం పొద్దుమూకంగ నువ్వు ఫోన్ జేసినప్పుడు నంబరు చెప్పింది నేనే. గప్పుడు నా పెనిమిటి స్తంభం మీద ఉన్నడు. ఫోను నా చేతుల ఉండె. నేను చెప్పినంక నీ డబ్బా కలిసింది. గాయిన సచ్చిపోయిండు. నా తమ్ముడు రంజిత్ ఏ స్విచ్చూ ముట్టలే. గాన్ని ఇడిసిపెట్టాలె." ఒక ఊపిరి తీసుకుంది. "సాఫ్ పడ్డదా బిడ్డా, ఇంకోపారి చెప్పాల్నా?"

అవతల కీబోర్డుల చప్పుడు వినిపించింది. దూరంగా ఎవరో ఇదే మర్యాదతో ఇంకెవరినో నంబరు అడుగుతున్నారు.

"పడింది" అంది ఆ అమ్మాయి. అమ్మా అన్న మాట లేదు ఈసారి.

ఉమామహేశ్వర్ ముందుకు వంగాడు. "అమ్మాయీ, గీ డబ్బా ఆటోల పెట్టకు. మనుషులు పైన ఉన్నరు."

"పెట్టను సార్. నంబరు లేకుండా పెట్టలేను." గొంతు సన్నబడింది. "సార్, సాయంత్రం గాలివాన ఉందని సిటీలో మాన్యువల్‌లో ఉన్న డబ్బాలన్నీ ముందే ఆటోలో పెట్టమన్నారు. పొద్దుటి నుంచి నేను ముప్పై ఒక్క నంబర్లు తీసుకున్నాను. అన్నీ వరుసలో ఉన్నాయి. మూడింటికి ఆ డబ్బాలన్నీ ఒకేసారి ఆటోలోకి వెళ్తాయి."

గోడ మీద గడియారం రెండూ నలభై ఎనిమిది.

"ఆపేయ్" అన్నాడు ధీరజ్, ఫోను మీదికి దాదాపు పడిపోతూ. "నేను ధీరజ్‌ను. వరుస మొత్తం క్యాన్సిల్ చెయ్యి."

"మా దగ్గర ఆ బటన్ లేదు సార్. ఒకసారి నంబరు వచ్చాక వెనక్కి తీసే అవకాశం ఉండొద్దని మీరే తీసేయించారు."

ధీరజ్ చేతిలోంచి హెల్మెట్ జారి నేల మీద దొర్లింది. దాన్ని ఎవరూ చూడలేదు.

"అమ్మాయీ" అన్నాడు ఉమామహేశ్వర్, ఒక్కో మాటా విడిగా. "ముప్పై ఒక్కరు నంబరు చెప్పిన్రు. అందరూ మొగోళ్లేనా?"

ఆ అమ్మాయి ఏడుస్తోందని అప్పటికి గానీ వాళ్లకు తెలియలేదు.

"నాలుగు ఆడవాళ్ల గొంతులు సార్."